ట్రక్ గేముకు బటన్ బాక్స్: 30 స్విచ్‌లు వద్దు, 20 చాలు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాను. లాజిటెక్ జీ29 స్టీరింగుతో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఆడతాను. లైట్లు, వైపర్లు, హ్యాండ్‌బ్రేకు, రిటార్డరు (వాలులో బండి వేగాన్ని అదుపు చేసే అదనపు బ్రేకు) అన్నిటికీ కీబోర్డు తడుముకోవాల్సి వస్తోంది. సొంతంగా బటన్ బాక్స్ చేద్దామని 30 స్విచ్‌లతో బొమ్మ గీసుకున్నాను. అందులో 10 టాగుల్ స్విచ్‌లు (మీట పైకీ కిందికీ వేసేవి). కాలేజీ ప్రాజెక్టులో మిగిలిన ఆర్డుయినో ఊనో (కోడ్ ఎక్కించి వాడే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) ఉంది గానీ దాన్ని కంప్యూటర్ జాయ్‌స్టిక్‌గా చూపించడం లేదు. కారు సామాన్ల షాపులో ఇంజిన్ స్టార్ట్ బటన్ కొన్నాను, అది వెలగడం లేదు. మా ఫ్రెండు చేసిన బాక్సులో రెండు మూడు బటన్లు కలిపి నొక్కితే నొక్కనిది కూడా పడుతోంది. నాదీ అలాగే అవుతుందేమో. 2,500 రూపాయల్లోపు దారి చెప్పండి.

సమాధానం: ఊనో విషయంలో మీ తప్పేమీ లేదు. అందులో ప్రోగ్రామ్ నడిచే చిప్ ఏటీమెగా 328పీ. దానికి సొంత యూఎస్‌బీ లేదు. కేబుల్ గుచ్చే చోట ఉన్న రెండో చిప్పే కంప్యూటర్‌తో మాట్లాడుతుంది, అదీ సీరియల్ పోర్టుగానే. మీరు ఎంత మంచి కోడ్ ఎక్కించినా విండోస్‌కు కనపడేది ఆ సీరియల్ పోర్టు (కామ్ పోర్టు) మాత్రమే. ఆ రెండో చిప్‌లో ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే ప్రోగ్రామ్) మార్చి జాయ్‌స్టిక్‌గా చూపించే పద్ధతి ఉంది. కానీ కోడ్‌లో చిన్న అంకె దిద్దాలన్నా పాత ఫర్మ్‌వేర్ వేసి, కోడ్ ఎక్కించి, మళ్ళీ కొత్తది వేయాలి. మొదటి బాక్సుకు కోడ్ ఎన్నిసార్లు మారుతుందో లెక్కుండదు కాబట్టి ఆ దారి వద్దు. సీహెచ్340 చిప్ ఉన్న నానో బోర్డుకూ ఇదే ఇబ్బంది. తక్కువకు వస్తోందని కొనకండి.

మీకు కావాల్సింది ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్న ప్రో మైక్రో, 5 వోల్టులు, 16 మెగాహెర్ట్జ్ రకం. ఇదే బోర్డు 3.3 వోల్టులు, 8 మెగాహెర్ట్జ్ రకంలోనూ అమ్ముతారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఆర్డరు పెట్టేటప్పుడు చూసుకోండి. లియోనార్డో బోర్డు కూడా పనికొస్తుంది గానీ పెద్దది, ధర ఎక్కువ. ప్రో మైక్రోలో వాడుకోదగ్గ పిన్నులు 18.

ఇప్పుడు అసలు విషయం. మీ బొమ్మలో చిక్కంతా ఆ 10 టాగుల్ స్విచ్‌లతోనే ఉంది. ఫొటోల్లో బాక్సులు విమానం కాక్‌పిట్‌లా మెరిసేది టాగుల్స్ వల్లే, అందుకే అందరి చెయ్యీ ముందు వాటి మీదికే పోతుంది. కానీ టాగుల్ అంటే రెండు స్థితులే. గేములో ఆ పనికి కూడా రెండు స్థితులే ఉంటేనే అది నప్పుతుంది. ఈ గేములో లైట్లు అలా కాదు. ఒక నొక్కుకు పార్కింగ్ లైట్లు, రెండో నొక్కుకు హెడ్‌లైట్లు, మూడో నొక్కుకు అన్నీ ఆరిపోతాయి. దానికి టాగుల్ పెడితే మీరు కిందికి దించిన ప్రతిసారీ లైట్లు ఒక్కో రకంగా ఉంటాయి. వైపర్లూ అంతే, నొక్కుకొక వేగం. వీటికి మామూలు పుష్ బటన్ కావాలి. రిటార్డరుకు మెట్లు ఉంటాయి, పెంచడం ఒక ఆజ్ఞ, తగ్గించడం ఇంకొకటి. దానికి క్లిక్కు క్లిక్కుగా తిప్పే నాబు, అంటే రోటరీ ఎన్‌కోడర్‌ను మించింది లేదు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బస్సు డ్రైవరు కళ్ళు రోడ్డు మీద నుంచి తిప్పకుండా చేత్తో చేసే పనులుంటాయి చూడండి, గేములో కొండ దిగేటప్పుడు రిటార్డరు కూడా అలా చేతికి తెలియాలి. క్రూయిజ్ కంట్రోల్‌కు రెండో ఎన్‌కోడర్: తిప్పితే వేగం మారుతుంది, నొక్కితే ఆన్ అవుతుంది.

అలా వడపోస్తే టాగుల్‌కు నిజంగా మిగిలేవి నాలుగే: హ్యాండ్‌బ్రేకు, హై బీమ్, హజార్డ్ లైట్లు, ఇంజిన్ బ్రేకు. ఎడమ, కుడి కిటికీ అద్దాలకు రెండు వైపులా వంగి, వదలగానే మధ్యకు వచ్చే స్ప్రింగ్ టాగుల్స్ రెండు. పుష్ బటన్లు పది. ఎన్‌కోడర్లు రెండు, వాటిని నొక్కినా బటనే. హారన్, ఇండికేటర్లు స్టీరింగు మీద ఉన్న బటన్లకే ఇచ్చేయండి, బాక్సులో మళ్ళీ పెట్టడం దండగ. లెక్క వేస్తే పుష్ బటన్లు 10, ఎన్‌కోడర్ నొక్కులు 2, టాగుల్స్ 4, స్ప్రింగ్ టాగుల్స్ రెండు వైపులూ కలిపి 4. మొత్తం 20. ఎన్‌కోడర్లు తిప్పే దిశలు 4 కలిపితే 24 జాయ్‌స్టిక్ బటన్లు. 32 లోపు ఉంటే ఇంకో లాభం ఉంది. విండోస్‌లోని జాయ్‌స్టిక్ పరీక్ష కిటికీ 32 బటన్లనే చూపిస్తుంది, కొన్ని గేములు అంతకు మించి తీసుకోవు.

ఏమీ కొనకముందే ఒక పని చేయండి. 200 మి.మీ. పొడవు, 140 మి.మీ. వెడల్పు అట్ట ముక్క మీద అసలు కొలతల్లో గీయండి. 12 మి.మీ. బటన్ల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి 25 మి.మీ. ఉంచండి, టాగుల్స్‌కూ అంతే. ఎన్‌కోడర్ నాబులకు 40 ఇవ్వండి, లేకపోతే తిప్పేటప్పుడు వేలి కణుపు పక్క స్విచ్‌కు తగులుతుంది. గీసిన అట్టను స్టీరింగు పక్కన అతికించి రెండు రోజులు ఆడండి. లైట్లు అనుకోగానే చెయ్యి ఎక్కడికి పోతుందో చూసి గుర్తు పెట్టండి. గీసిన చోటు, చెయ్యి పోయిన చోటు వేరైతే చేతి మాటే వినండి. మన బళ్ళలో డ్రైవరు కుడివైపు, గేరు ఎడమ చేతికి. అలవాటు అదే కాబట్టి గేములోనూ కుడివైపు స్టీరింగు ఉన్న క్యాబిన్ ఎంచుకుని బాక్సును ఎడమవైపు పెట్టుకోవడమే సుఖం.

కొనేటప్పుడు పేర్లు జాగ్రత్తగా అడగండి. పుష్ బటన్ 'పుష్ టు ఆన్' రకం కావాలి, అంటే వదలగానే తిరిగి రావాలి. 'పుష్ ఆన్, పుష్ ఆఫ్' ఇస్తే అది నొక్కిన చోటే ఉండిపోతుంది. మామూలు టాగుల్ ఎంటీఎస్-102. స్ప్రింగ్ టాగుల్ ఎంటీఎస్-123. దీని బదులు ఎంటీఎస్-103 ఇస్తే చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటుంది గానీ పక్కకు వంచితే అక్కడే నిలబడిపోతుంది, షాపులోనే వంచి చూడండి. ఎన్‌కోడర్ ఈసీ11, నొక్కే స్విచ్ ఉన్నది, ఒక చుట్టుకు 20 క్లిక్కులు 20 పల్సులు ఇచ్చేది. 30 క్లిక్కులు 15 పల్సుల రకం కూడా ఉంది, దాన్ని మామూలు కోడ్‌తో వాడితే రెండు క్లిక్కులకు ఒకసారే పడుతుంది. 1ఎన్4148 డయోడ్లు 25 (20 చాలు, మిగతావి విరగడానికి), 103 అని రాసున్న కెపాసిటర్లు 4. బోర్డు, ఎన్‌కోడర్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, చెన్నై వెళ్ళే పని ఉంటే రిచీ స్ట్రీట్‌లో చేతితో పట్టి చూసి కొనుక్కోవచ్చు. చిత్తూరు వైపు వాళ్ళకు బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా అందుబాటే. మీ బడ్జెట్‌లో పెద్ద వాటా బోర్డుదే. పానెల్‌కు ఖర్చు పెట్టకుండా ఉంటే 2,500 దాటాల్సిన అవసరం రాదు.

పానెల్‌కు కరెంటు స్విచ్‌బోర్డులకు వాడే 3 మి.మీ. హైలం షీటు చాలు. ఎలక్ట్రికల్ షాపులో కొలతకు కోసి ఇస్తారు. ఆక్రిలిక్ అందంగా ఉంటుంది గానీ ఇంట్లో డ్రిల్లు పెడితే పగుళ్ళు తీస్తుంది. 6 మి.మీ. ప్లైవుడ్ మాత్రం వద్దు, ఎన్‌కోడర్ మర పొట్టిది, అవతల నట్టుకు అందదు. పెట్టె లోతు 50 మి.మీ. ఉండాలి, టాగుల్ వెనక కాళ్ళు, వైర్ల వంపు కలిపి అంత పడుతుంది. రంధ్రాలు: టాగుల్‌కు 6, ఎన్‌కోడర్‌కు 7, బటన్లకు 12 మి.మీ. ముందు 3 మి.మీ. బిట్‌తో పొడిచి, కింద చెక్క పెట్టి, స్టెప్ డ్రిల్ బిట్‌తో నెమ్మదిగా పెంచండి. ఎన్‌కోడర్ ఒంటి మీద చిన్న రేకు ముక్క పైకి పొడుచుకుని ఉంటుంది, దానికి పక్కన 2 మి.మీ. గుంట వేయండి. దాన్ని విరిచేస్తే కొన్నాళ్ళకు నాబుతో పాటు ఎన్‌కోడరంతా తిరిగి వైర్లు తెంపుకుంటుంది. హైలం పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకుని ఆరుబయట చేయండి.

ఇక వైరింగు. 20 స్విచ్‌లకు 20 పిన్నులు లేవు కాబట్టి మ్యాట్రిక్స్ కట్టాలి: 4 అడ్డ వరసలు, 5 నిలువు వరసలు, 9 పిన్నులతో 20 స్విచ్‌లు. మీ ఫ్రెండు బాక్సులో జరిగేది ఇక్కడే పుడుతుంది. మ్యాట్రిక్స్‌లో ఒక చతురస్రానికి మూడు మూలల స్విచ్‌లు మూసుకుంటే కరెంటు ఆ మూడింటి గుండా చుట్టు తిరిగి వచ్చి, నాలుగో మూల కూడా నొక్కినట్టే బోర్డుకు కనిపిస్తుంది. పుష్ బటన్లు మాత్రమే ఉంటే మూడు కలిపి నొక్కడం అరుదు. టాగుల్స్ ఉన్నప్పుడు అవి మూసుకునే ఉంటాయి, అందుకే రెండు నొక్కినా దెయ్యం బటన్ పడుతుంది. కోడ్ ఎంత దిద్దినా ఇది పోదు. మందు ఒకటే, ప్రతి స్విచ్‌కూ కరెంటును ఒక్క దిశలోనే పోనిచ్చే డయోడ్ ఒకటి. అతనికీ ఇదే చెప్పండి, బాక్సు విప్పి డయోడ్లు వేస్తే సరిపోతుంది.

డయోడ్ దిశ మీరు వాడే లైబ్రరీని (ముందే రాసిపెట్టిన కోడ్‌ను) బట్టి ఉంటుంది. ఆర్డుయినో కీప్యాడ్ లైబ్రరీ నిలువు వరసలను ఒక్కొక్కటిగా సున్నాకు దించి, అడ్డ వరసలను పుల్‌అప్ పెట్టి (లోపలి రెసిస్టర్‌తో 5 వోల్టుల వైపు లాగి ఉంచి) చదువుతుంది. కాబట్టి కరెంటు అడ్డ వరస నుంచి నిలువు వరసకు పోతుంది. డయోడ్ మీది నల్ల గీత నిలువు వరస వైపు ఉండాలి. 20లో ఒక్కటి తిరగబడితే ఆ ఒక్క స్విచ్చే పని చేయదు. అన్నీ తిరగబడితే ఏదీ పని చేయదు, అప్పుడు డయోడ్లు ఊడదీయకుండా కోడ్‌లో అడ్డం, నిలువు పిన్నులను తారుమారు చేస్తే చాలు. డయోడ్ కాలును నేరుగా స్విచ్ కాలికే అతికించండి, విడిగా బోర్డు అక్కర్లేదు. టాగుల్‌లో మూడు కాళ్ళు ఉంటాయి. నడిమిదీ ఒక చివరదీ వాడండి. మీట పైకి ఉన్నప్పుడు నడిమి కాలు కలిసేది కింది కాలితో, ఇది గుర్తుంటే ఆన్, ఆఫ్ తలకిందులు కావు. స్ప్రింగ్ టాగుల్‌లో నడిమి కాలు అడ్డ వరసకు, చివరి కాళ్ళు రెండూ ఒక్కో డయోడ్‌తో రెండు వేరు వేరు నిలువు వరసలకు.

సోల్డరింగుకు 25 వాట్ల ఐరన్ చాలు, కాలేజీ ల్యాబులో ఉంటే ఇంకా మంచిది. ప్లాస్టిక్ బటన్ కాలి మీద మూడు సెకన్లకు మించి ఉంచకండి. లోపల ప్లాస్టిక్ కరిగి కాలు పక్కకు జరుగుతుంది, బటన్ నొక్కితే ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. ఇంట్లో మిగిలిన లాన్ కేబుల్ విప్పి వాడదామని అనిపిస్తుంది, వద్దు. అందులో ఒంటి తీగ ఉంటుంది, జీ29 అదురుకు అతుకు దగ్గర పుటుక్కున తెగుతుంది. పలు పోగుల సన్న వైరు తీసుకోండి. ఒక్కో వరస పూర్తి కాగానే మల్టీమీటర్ బీప్‌తో చూసుకోండి. 20 అయ్యాక తప్పు వెతకడం చాలా పెద్ద పని.

ఎన్‌కోడర్లను మ్యాట్రిక్స్‌లో కలపకండి. వాటి నొక్కే స్విచ్‌లు మాత్రమే మ్యాట్రిక్స్‌లోకి. మూడు కాళ్ళ వైపు నడిమి కాలు గ్రౌండ్‌కు, మిగతా రెండూ పిన్నులకు. ప్రో మైక్రోలో 0, 1, 2, 3, 7 పిన్నులకు ఇంటరప్ట్ సౌకర్యం (సిగ్నల్ మారగానే చిప్‌కు తెలిసే ఏర్పాటు) ఉంది కాబట్టి ఒక ఎన్‌కోడర్ 0, 1కి, ఇంకొకటి 2, 3కి ఇవ్వండి. అడ్డ వరసలు 4, 5, 6, 7. నిలువు వరసలు 8, 9, 10, 16, 14. మిగిలిన ఐదు పిన్నులు మున్ముందు ఎల్ఈడీలకు పనికొస్తాయి. ఎన్‌కోడర్ ఒక్కో సిగ్నల్ కాలికీ గ్రౌండ్‌కూ మధ్య 103 కెపాసిటర్. చాలామంది దానికి పదింతలుండే 104 వేస్తారు. బోర్డు లోపలి పుల్‌అప్ 20 నుంచి 50 కిలో ఓములు ఉంటుంది, దానితో 104 కలిస్తే సిగ్నల్ లేవడానికి కొన్ని మిల్లీసెకన్లు పట్టి, వేగంగా తిప్పినప్పుడు క్లిక్కులు మింగేస్తుంది.

కోడ్‌కు రెండు లైబ్రరీలు కావాలి: కీప్యాడ్ లైబ్రరీ, మాథ్యూ హైరోనిమస్ రాసిన జాయ్‌స్టిక్ లైబ్రరీ. రెండోదాన్ని జిప్ ఫైలుగా దించుకుని ఐడీఈలో (ఆర్డుయినో కోడ్ రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో) చేర్చండి. జాయ్‌స్టిక్‌ను ప్రకటించే వరసలో 24 బటన్లు, హ్యాట్ స్విచ్‌లు (నాలుగు వైపులా నొక్కే మీటలు) సున్నా, యాక్సిస్‌లు (స్టీరింగులా కొద్దికొద్దిగా మారే కంట్రోళ్ళు) అన్నీ వద్దు అని రాయండి. అది రాయకపోతే లేని యాక్సిస్ ఒకటి గేముకు కనిపించి, బండి ఒక పక్కకు లాగేయొచ్చు.

కీప్యాడ్ లైబ్రరీలో మూడు గోతులున్నాయి. మొదటిది, బటన్లకు సంకేతాలు 0 నుంచి ఇవ్వకండి. ఆ లైబ్రరీకి 0 అంటే 'ఏ బటనూ లేదు' అని అర్థం. 1 నుంచి ఇచ్చి, జాయ్‌స్టిక్‌కు పంపేటప్పుడు ఒకటి తగ్గించండి. రెండోది, అది ఒకేసారి గుర్తుపెట్టుకునేది 10 బటన్లనే. మీరు అనుకున్నట్టు 10 టాగుల్స్ పెట్టి అన్నీ ఆన్ చేస్తే ఆ జాబితా నిండిపోయి ఒక్క పుష్ బటనూ పని చేయదు! నాలుగే అయితే ఇంకా ఆరు ఖాళీ ఉంటాయి, చేతులకు అది ఎక్కువే. మూడోది, కాసేపు మూసి ఉంచిన స్విచ్‌ను అది 'హోల్డ్' స్థితిగా మరోసారి చెబుతుంది. నొక్కినప్పుడు, వదిలినప్పుడు వచ్చే సమాచారాన్నే తీసుకుని మిగతాది వదిలేయండి.

టాగుల్స్‌కు విడిగా కోడ్ రాయాలి. గేము దృష్టిలో హ్యాండ్‌బ్రేకు ఒక నొక్కుకు పడుతుంది, ఇంకో నొక్కుకు వదులుతుంది. టాగుల్ అలాగే పంపితే ఆన్ చేసినప్పుడు నొక్కినట్టు, ఆఫ్ చేసేదాకా పట్టుకునే ఉన్నట్టు లెక్క. కాబట్టి పైకైనా కిందికైనా, కదిలిన ప్రతిసారీ 80 మిల్లీసెకన్ల నొక్కు ఒకటి పంపి వదిలేయాలి. ఆ 80 లెక్కకు డిలే వాడకండి, ఆ కాసేపూ మ్యాట్రిక్స్ చదవడం ఆగిపోతుంది. మిల్లిస్‌తో (గడిచిన సమయం చెప్పే ఆజ్ఞతో) సమయం రాసుకుని, దాటాక వదలండి. కేబుల్ గుచ్చిన మొదటి సెకనులో టాగుల్స్ స్థితిని చదివి ఊరుకోవాలి, పంపకూడదు. ఇంత చేసినా గేము మొదలయ్యేసరికి హ్యాండ్‌బ్రేకు ఆన్‌లో ఉండి మీ టాగుల్ ఆఫ్‌లో ఉండొచ్చు. అప్పుడు కీబోర్డు మీద స్పేస్ ఒకసారి నొక్కి రెండిటినీ కలుపుకోవాలి, వేరే మార్గం లేదు. ఎన్‌కోడర్ ఒక్కో క్లిక్కుకు 40 మిల్లీసెకన్ల నొక్కు, 40 విరామం ఇవ్వండి. సెకనుకు 30 ఫ్రేములు నడిచే కంప్యూటర్‌లో ఒక ఫ్రేము 33 మిల్లీసెకన్లు కాబట్టి, అంతకన్నా పొట్టి నొక్కును గేము చూడకుండానే దాటిపోవచ్చు.

కోడ్ ఎక్కించేటప్పుడు ఐడీఈలో లియోనార్డో అని ఎంచుకోండి, సరిపోతుంది. ప్రో మైక్రో అని ఎంచుకుంటే మాత్రం 5 వోల్టులు, 16 మెగాహెర్ట్జ్ అనే ఉండాలి. పొరపాటున 3.3 వోల్టులది ఎంచుకుని ఎక్కిస్తే క్లాక్ లెక్క తప్పి యూఎస్‌బీ పని చేయదు, బోర్డు చచ్చిపోయిందనుకుని పారేస్తారు. చావలేదు. ఆర్‌ఎస్‌టీ (రీసెట్), గ్రౌండ్ పిన్నులను వైరు ముక్కతో వెంటవెంటనే రెండుసార్లు తాకించండి. దాదాపు 8 సెకన్ల పాటు బూట్‌లోడర్ (కొత్త కోడ్‌ను తీసుకునే చిన్న ప్రోగ్రామ్) మేలుకుంటుంది, ఆలోగా సరైన బోర్డు ఎంచుకుని మళ్ళీ ఎక్కించండి. అసలు ఏ పోర్టూ కనపడకపోతే ముందు కేబుల్ మార్చండి, ఫోను చార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు ఇంటినిండా ఉంటాయి. ప్రో మైక్రో మీది మైక్రో యూఎస్‌బీ సాకెట్టు బలహీనం, ఊడొస్తే రాగి గీతలతో సహా వస్తుంది. బోర్డు బిగించాక సాకెట్టు చుట్టూ హాట్ గ్లూ పోసి, కేబుల్‌ను పెట్టె లోపల ఒక టైతో కట్టేయండి.

మీ స్టార్ట్ బటన్ పాడైంది కాదు. దాని దీపం 12 వోల్టులది, యూఎస్‌బీలో ఉన్నది 5. స్విచ్ భాగం మ్యాట్రిక్స్‌లో ఒక పుష్ బటన్‌గా మామూలుగా పని చేస్తుంది, దీపాన్ని వదిలేసినా ఫరవాలేదు. వెలగాలంటే విప్పి చూడండి. లోపల ఒకే ఎల్ఈడీ, ఒక రెసిస్టర్ ఉంటే ఆ రెసిస్టర్ బదులు 330 ఓములది వేసి ప్రో మైక్రో వీసీసీ (5 వోల్టుల పిన్ను), గ్రౌండ్ మధ్య కలపండి. ఎల్ఈడీలు వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటే 5 వోల్టులతో వెలగవు, వదిలేయండి. దాని కోసం 12 వోల్టుల అడాప్టర్ మాత్రం తేకండి. కొన్ని కారు బటన్లలో దీపానికీ స్విచ్‌కూ ఒక కాలు ఉమ్మడిగా ఉంటుంది, ఆ 12 వోల్టులు పిన్నులోకి వస్తే చిప్ పోతుంది.

అంతా అయ్యాక గేము తెరవకండి. విండోస్ రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషులో కొట్టి, ప్రాపర్టీస్‌లో 24 దీపాలూ ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయో లేదో చూడండి. నాలుగు టాగుల్స్ ఆన్ చేసి ఉంచి మిగతావన్నీ నొక్కి, దెయ్యం బటన్లు లేవని తేల్చుకోండి. ఒక అడ్డ వరస మొత్తం మౌనంగా ఉంటే ఆ పిన్ను అతుకు చూడండి, ఒక్క స్విచ్చే అయితే దాని డయోడ్. తర్వాతే స్టీరింగు, బాక్సు రెండూ గుచ్చి గేము కంట్రోల్స్‌లో బాక్సును అదనపు పరికరంగా చేర్చి బటన్లు కేటాయించండి. ఆ తర్వాత రోజూ అదే యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. రిటార్డరు కుడికి తిప్పితే తగ్గుతుంటే వైర్లు ఊడదీయనక్కర్లేదు, కోడ్‌లో ఆ ఎన్‌కోడర్ రెండు పిన్నుల అంకెలు అటూ ఇటూ మార్చండి. పేర్ల స్టిక్కర్లు వెంటనే వేయించకండి. వారం ఆడితే రెండు మూడు బటన్ల పనులు మారిపోతాయి, అప్పుడు నంబరు ప్లేట్లు వేసే రేడియం కటింగ్ షాపుకు వెళ్ళండి.